మా ఆయనకు వచ్చిన జబ్బు మా పిల్లలకూ వస్తుందా?

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు దగ్గర పల్లె. మా ఆయన మిర్చి యార్డులో గుమస్తా, వయసు 46. ఆరేళ్ల కిందట ఒకసారి, పోయిన దసరా తర్వాత ఇంకోసారి మంచం పట్టారు. నిద్ర లేదు, తిండి లేదు, ఎవరితోనూ మాట లేదు. డాక్టరుగారు డిప్రెషన్ అన్నారు. మందులు వాడాక ఇప్పుడు కాస్త తేరుకున్నారు. మా మామగారు కూడా ఇలాగే ఉండి, నా పెళ్లికి ముందే ప్రాణం తీసుకున్నారట. మా అత్తగారు ఇది మా వంశానికి పట్టిన శాపం అంటారు. బాబు ఇంటర్ ఫస్టియర్, విజయవాడలో హాస్టల్. ఇదివరకు ఫోన్ పెట్టనిచ్చేవాడు కాదు, ఇప్పుడు రెండు మాటల్లో పెట్టేస్తున్నాడు. ‘నిద్ర పట్టట్లేదమ్మా, చదివింది బుర్రకెక్కట్లేదు’ అన్నాడు. పాపకు పదకొండేళ్లు. పిల్లలకు మేమేమీ చెప్పలేదు. మాత్రలు ఖాళీ కాఫీపొడి సీసాలో వేసి బియ్యం డబ్బా వెనక పెడతాను. బీపీ మాత్రలని చెప్పాను. మొన్న పాప, ‘నాకు మార్కులు తక్కువ వచ్చినందుకేనా నాన్నకి బీపీ వచ్చింది?’ అని అడిగింది. ఏం చెప్పాలో తోచక కసిరాను. ఎవరికీ చెప్పొద్దు, రేపు పాప పెళ్లికి అడ్డం అంటాడు మా అన్నయ్య. ఫోన్‌లో చూస్తే ఇది వంశపారంపర్యం అని ఉంది. నా పిల్లలకూ వస్తుందా?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగినదానికి తప్పకుండా జవాబు చెప్తాను. కానీ ముందు మీ అబ్బాయి సంగతి. అది వారం కూడా ఆగే పని కాదు.

నిద్ర పట్టడం లేదు, చదువు ఎక్కడం లేదు, మాటలు తగ్గాయి. వీటిలో ఏ ఒక్కటి విడిగా చూసినా హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లల్లో మామూలే, ఇంటి మీద బెంగ అనుకోవచ్చు. మూడూ కలిసి ఉన్నాయి, పైగా నాన్నకు జబ్బు, తాతగారు అలా పోయారు. అందుకని రేపో ఎల్లుండో బస్సెక్కండి. ఫోన్‌లో అడిగితే తేలదు. హాస్టల్లో ఫోన్ అంటే వెనక నలుగురు పిల్లలు వరసలో నిలబడి ఉంటారు, పక్కన వార్డెన్ ఉంటారు. ఆ ఫోన్‌లో ఏ పిల్లాడు మాత్రం మనసు విప్పుతాడు?

ఔటింగ్ అడిగి బయటికి తీసుకెళ్లండి. ముందు కడుపు నిండా తిననివ్వండి. ర్యాంకులు, టెస్టులు ఎత్తకండి. కృష్ణ ఒడ్డున ఎక్కడైనా కూర్చుని, ‘నిద్ర పట్టట్లేదన్నావు కదా, రాత్రుళ్లు ఏం ఆలోచనలు వస్తున్నాయి నాన్నా?’ అని మొదలుపెట్టండి. తర్వాత సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ ఈ మాట తల్లి నోట రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని అందరూ భయపడతారు. సరిగ్గా ఈ భయం నిజమా కాదా అని పరిశోధనలు జరిగాయి. అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరగవని తేలింది. చాలామందికి, హమ్మయ్య, ఒకరు అడిగారు అన్న ఊరట కలుగుతుంది.

అవునంటే కోప్పడకండి, ఒట్టు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి. ఇంటికి తీసుకొచ్చేయండి, అదే రోజు డాక్టరుకు చూపించండి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. దారిలో ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీమానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన హెల్ప్‌లైన్. పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బాబు ‘లేదు’ అని చెబితే కాస్త ఊపిరి పీల్చుకోండి, కానీ వదిలేయకండి. నిద్ర, ఏకాగ్రత రెండు వారాలకు మించి చెడితే డాక్టరుకు చూపించి తీరాలి.

ఇంకొకటి. ఇంట్లో ఉన్న మాత్రలు తాళం ఉన్న బీరువాలోకి మార్చండి, తాళంచెవి మీ దగ్గరే ఉండనివ్వండి. పొలం మందులు ఇంట్లో ఉంటే అవి ఇంటి నుంచే పంపేయండి. ఆ కాఫీపొడి సీసా సంగతి తర్వాత ఎత్తబోతున్నాను, అప్పుడు మాట మార్చానని అనుకోకండి. జబ్బును దాచడం వేరు, మాత్రలకు తాళం వేయడం వేరు.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్న.

మీకు ధైర్యం రావాలని అబద్ధం చెప్పను. అమ్మకో నాన్నకో డిప్రెషన్ ఉంటే, పిల్లలకు అది వచ్చే అవకాశం మిగతా పిల్లల కంటే ఎక్కువే. అమెరికాలో మిర్నా వైస్‌మన్ అనే పరిశోధకురాలు 1982లో మొదలుపెట్టి, ఇలాంటి కుటుంబాలను తాతల తరం, తల్లిదండ్రుల తరం, మనవల తరం వరకూ చూస్తూ వచ్చారు. డిప్రెషన్ ఉన్నవాళ్ల పిల్లల్లో అది దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. వరసగా రెండు తరాల్లో ఉన్న ఇళ్లలో మనవల మీద మరింత కన్ను వేసి ఉంచాలని కూడా ఆ పరిశోధన చెబుతోంది. మీ ఇల్లు అలాంటిదే అనిపిస్తోంది. మిమ్మల్ని ముందు బస్సెక్కమన్నది అందుకే.

అయితే మీరు ఫోన్‌లో చూసిన ‘వంశపారంపర్యం’ అన్న మాట సగమే నిజం. కవలల మీద జరిగిన పరిశోధనలను కలిపి 2000లో లెక్క వేశారు. డిప్రెషన్ విషయంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సుమారు 37 శాతం జన్యువుల వల్ల అని తేలింది. ఈ అంకెను చాలామంది తప్పుగా చదువుతారు, చదువుకున్నవాళ్లు కూడా. మీ బాబుకు వచ్చే అవకాశం 37 శాతం అని దాని అర్థం కాదు. ఊరి జనం మొత్తాన్ని తీసుకుంటే, ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడంలో మూడో వంతుకు కాస్త పైన రక్తంలోంచి వచ్చింది, మిగతాది బతుకులోంచి వచ్చింది అని అర్థం. షుగరు, బీపీ కూడా కుటుంబాల్లో నడుస్తాయి. తండ్రికి షుగరుంటే కొడుక్కి శాపం తగిలిందని ఎవరూ అనరు. ముందుగా పరీక్ష చేయించుకో, తిండి చూసుకో, నడువు అంటాం. మీ పిల్లల విషయంలో చేయాల్సిందీ అదే తరహా పని.

జన్యువుల గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే దీని మీద భయపెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. న్యూజిలాండ్‌లోని డునెడిన్ పిల్లల మీద జరిగిన అధ్యయనం 2003లో ఒక జన్యువు ఫలానా రకంగా ఉన్నవాళ్లు కష్టాలొస్తే డిప్రెషన్‌లోకి జారతారని చెప్పింది. ప్రపంచమంతా మారుమోగింది. 2019లో లక్షల మంది వివరాలతో మళ్లీ పరీక్షిస్తే అది నిలబడలేదు. అదే ఏడాది ఇంకో పెద్ద పరిశోధన డిప్రెషన్‌తో సంబంధం ఉన్న జన్యు స్థానాలు వందకు పైగా ఉన్నాయని చూపింది, ఒక్కోదాని ప్రభావం ఆవగింజంత. కాబట్టి డిప్రెషన్ జన్యువు అని ఒకటి లేదు. పిల్లలకు ఆ పరీక్ష చేస్తామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

ఇంతకంటే బరువైన జబ్బు స్కిజోఫ్రీనియా, లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు పట్టుకోవడం లాంటివి ఉండే మానసిక జబ్బు. దాని గురించి ఫిన్లండ్‌లో టియెనారి అనే వైద్యుడి బృందం, ఆ జబ్బున్న తల్లులకు పుట్టి వేరే ఇళ్లకు దత్తత వెళ్లిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించింది. రక్తం ఒకటే తరహా. కానీ ఒకరి మాట ఒకరు వినే, గొడవలు లేని ఇళ్లలో పెరిగిన పిల్లల్లో ఆ కోవ జబ్బులు తక్కువగా వచ్చాయి, కలతల ఇళ్లలో పెరిగినవారిలో ఎక్కువగా వచ్చాయి. రక్తాన్ని మనం మార్చలేం. ఇంటిని మార్చగలం, కొంతైనా.

ఆ ‘కొంత’లో ఏముంటుందో తెలుసుకోవాలంటే నేను ఎప్పుడూ కవాయ్ దీవి దగ్గరికే వెళ్తాను. హవాయి దీవుల్లో అదొకటి, అప్పట్లో చెరకు తోటల కూలీల దీవి. 1955లో అక్కడ పుట్టిన పిల్లలందరినీ, మొత్తం 698 మందిని, ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు పట్టుకున్నారు. ఏడాది వయసులో చూశారు, రెండేళ్లకు చూశారు, పదేళ్లకు, పద్దెనిమిదికి, ముప్ఫై రెండుకు, నలభైకి చూశారు. వాళ్లలో దాదాపు మూడో వంతు మంది పుట్టుకతోనే కష్టాల్లో పడ్డవాళ్లు. పేదరికం, పురిటి గండాలు, ఇంట్లో తగాదాలు, తాగుడు, తల్లికో తండ్రికో మానసిక జబ్బు. ఇలాంటివి నాలుగో అంతకంటే ఎక్కువో రెండేళ్లు నిండేలోపే మీదపడ్డ పిల్లలు.

ఆ పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి పదేళ్లకో పద్దెనిమిదేళ్లకో చదువులోనో నడతలోనో మనసులోనో ఇబ్బందులు వచ్చాయి. ఇది చెప్పకుండా దాటేయను. కానీ మిగతా మూడో వంతు, 72 మంది, చక్కగా పెరిగారు. చదువుకున్నారు, స్నేహాలు చేశారు, పనిలో కుదిరారు. వాళ్లేమీ వేరే లోకం పిల్లలు కారు, వాళ్ల ఇళ్లలోనూ అవే కష్టాలు. మరి తేడా ఎక్కడుంది అని వెతికితే, దొరికినవన్నీ మన ఇళ్లలో ఎరిగినవే.

వాళ్లలో ప్రతి ఒక్కరికీ చిన్నప్పటి నుంచి గట్టిగా అంటిపెట్టుకున్న పెద్దమనిషి ఒకరున్నారు. అమ్మానాన్నల వల్ల కానప్పుడు అమ్మమ్మో, పిన్నో, పెద్ద అక్కో ఆ చోటులోకి వచ్చారు. బడిలో పేరు పెట్టి పిలిచి బాగోగులు అడిగే టీచరున్నారు. కొందరికి గుడిలాంటి చోటు, పదిమంది కలిసే చోటు ఉంది. ఇంకొకటి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: ఆ పిల్లలకు ఇంట్లో ఒక పని ఉంది. తమ్ముణ్ని చూసుకోవడమో, వంటలో చెయ్యి వేయడమో. వాళ్లు చేయకపోతే ఇల్లు గడవని పని. నేను అక్కరకొస్తాను అని ఆ పిల్లకు తెలుసు.

చదువుకునే పిల్లలని మనం వాళ్ల చేత ఒక్క పనీ చేయించం. తిన్న కంచం కూడా తీయనివ్వం. ‘నువ్వు చదువుకో, అదే చాలు’ అంటాం. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ చదువు ఒక్కటే తన విలువ అనుకున్న పిల్లాడికి చదువు ఎక్కని రోజున ఇంకేం మిగులుతుంది? బాబు ఇంటికొచ్చినప్పుడు వాడికో పని చెప్పండి. నాన్నను సాయంత్రం నడకకు తీసుకెళ్లడం వాడి పని అనండి. పాపకూ చిన్న పని ఒకటి ఇవ్వండి. అయితే నాన్నను కాపలా కాయడం మాత్రం పిల్లల పని కాదు, అది పెద్దవాళ్లదే.

కవాయ్ కథలో చాలామంది చెప్పని భాగం ఇంకోటి ఉంది. పద్దెనిమిదేళ్లకు చెడిపోయారనుకున్న పిల్లల్లో ఎక్కువమంది నలభై ఏళ్లు వచ్చేసరికి కుదురుకున్నారు. మళ్లీ కాలేజీలో చేరినవాళ్లు కొందరు, ఉద్యోగంతో నిలబడ్డవాళ్లు కొందరు, మంచి తోడు దొరికి తేరుకున్నవాళ్లు కొందరు. ఇంటర్‌తో బతుకు తేలిపోతుందని మన ఊళ్లలో అందరూ నమ్ముతున్నారు కాబట్టి ఇది మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక పాప. అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టి నిలిపింది పాప అడిగిన మాట.

నా చిన్నప్పుడు మా పెద్దమ్మ మూడు నెలలు గది దాటి రాలేదు. ‘ఒంట్లో బాగాలేదు’ అన్నారు మాకు, అంతే. ఆ గది ముందు నుంచి పెరట్లోకి వెళ్లాలంటే నేను కాళ్లకున్న పట్టీలు తీసి గుప్పిట్లో పట్టుకుని వెళ్లేదాన్ని. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. చప్పుడైతే పెద్దమ్మకు ఎక్కువవుతుందని నాకు నేనే లెక్క వేసుకున్నాను. గుప్పిట్లో మువ్వ మోగకుండా బిగించి పట్టుకుంటే అరచేతిలో అచ్చులు పడేవి. ఒకరోజు పట్టీ జారి పడింది. ఆ సాయంత్రం పెద్దమ్మ అన్నం ముట్టలేదు. నా వల్లే అనుకున్నాను. పెళ్లయ్యాక గానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పిల్లలు అలాగే చేస్తారు. పెద్దవాళ్లు ఖాళీ వదిలిన చోట తమను తామే పెట్టుకుంటారు. బోస్టన్‌లో విలియం బియర్డ్స్‌లీ అనే పిల్లల మానసిక వైద్యుడు, తల్లిదండ్రులకు డిప్రెషన్ లాంటి జబ్బులున్నా నిలదొక్కుకున్న పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడారు. మీరెలా నిలబడ్డారు అని. ఆ పిల్లల మాటల్లో మళ్లీ మళ్లీ వచ్చింది ఇది: అమ్మకు, నాన్నకు ఉన్నది జబ్బు అని వాళ్లకు తెలుసు, అది తమ వల్ల రాలేదని తెలుసు, దాన్ని నయం చేయడం తమ పని కాదని తెలుసు. దాని మీదే ఆయన ఒక పద్ధతి తయారు చేశారు. ముందు తల్లిదండ్రులతో మాట్లాడి, తర్వాత పిల్లలతో మాట్లాడి, చివరికి ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ జబ్బు గురించి పేరు పెట్టి మాట్లాడుకోవడం. అంతే ఆ పద్ధతి. ఫిన్లండ్‌లో దాన్ని దేశమంతా అమలు చేయడానికి వైద్య సిబ్బందికి శిక్షణ ఇచ్చారు.

మీ ఇంట్లో ఇది చేయడానికి డాక్టరు అక్కర్లేదు, మీరూ మీ ఆయనా చాలు. ముందు ఆయనతో మాట్లాడండి. పిల్లల ముందు తన జబ్బు గురించి తానే చెప్పడానికి ఒప్పుకుంటే అంతకంటే మంచిది లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, టీవీ కట్టేసి. మాటలు తడుముకోకుండా ఇలా అనొచ్చు:

‘పాపా, నువ్వు ఆ రోజు అడిగితే కసిరాను, అది నా తప్పు. నాన్నకున్నది బీపీ కాదు. దాన్ని డిప్రెషన్ అంటారు. మనసుకు వచ్చే జబ్బు. అది వచ్చినప్పుడు నిద్ర పట్టదు, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. నాన్న నీ మీద కోపంతో మాట్లాడటం మానలేదు, జబ్బు వల్ల మాట్లాడలేకపోయారు. అది నీ మార్కుల వల్ల రాలేదు, నీ అల్లరి వల్ల రాలేదు, నేను అన్న మాట వల్ల రాలేదు. డాక్టరుగారు మందులిస్తున్నారు. నీకు ఏం అడగాలనిపించినా అడుగు.’

పదకొండేళ్ల పిల్లకు ఇంతకంటే వద్దు. ఆ పూట ఏమీ అడక్కపోవచ్చు, లేచి ఆటకు వెళ్లిపోవచ్చు. నాలుగు రోజుల తర్వాత మీరు పప్పు రుబ్బుతున్నప్పుడో, జడ వేస్తున్నప్పుడో వెనక నుంచి ఒక ప్రశ్న వస్తుంది. అప్పుడు చేతిలో పని ఆపండి.

తాతగారి సంగతి అడిగితే? బాబు దాన్ని ఎక్కడో విని ఉంటాడని నా అనుమానం. ఇలాంటివి పెళ్లిళ్లలో, దినాల్లో పిల్లలు తలుపు పక్క నుంచి వింటారు. వాడితో నిజం చెప్పండి. తాతయ్యకూ ఇదే జబ్బు ఉండి ఉంటుంది, అప్పట్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని ఎవరికీ తెలియలేదు, నాన్న మందులు వాడుతున్నారు, అదే తేడా అనండి. ఎలా జరిగిందన్న వివరాల్లోకి మాత్రం వెళ్లకండి.

మందుల దగ్గరికి వస్తే, మీ ఆయన కాస్త తేరుకున్నారని రాశారు. నాకు సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది. ఎందుకంటే మనవాళ్లు మందులు ఆపేసేది సరిగ్గా ఇక్కడే. బాగానే ఉన్నాను కదా అని ఒక పూట మానేస్తారు, తర్వాత రెండు పూటలు. ఈ మందులు తేరుకున్నాక కూడా నెలల తరబడి వాడాలి. రెండోసారి వచ్చినవాళ్లు ఇంకా ఎక్కువ కాలం వాడాల్సి రావచ్చు. ఆపేది డాక్టరే, అదీ మెల్లగా తగ్గిస్తూ. ఇది ఆయన కోసమే కాదు. అమెరికాలో 151 మంది తల్లులనూ వాళ్ల పిల్లలనూ చూసిన ఒక పరిశోధన 2006లో వచ్చింది, ఇందులోనూ వైస్‌మన్ గారే ముందున్నారు. చికిత్సతో మూడు నెలల్లో తల్లి డిప్రెషన్ తగ్గిన ఇళ్లలో, పిల్లలకు నేరుగా ఏ వైద్యమూ చేయకపోయినా, వాళ్లలో మానసిక ఇబ్బందులు తగ్గాయి. తల్లికి తగ్గని ఇళ్లలో పిల్లలకు పెరిగాయి. ఆ పరిశోధన తల్లుల మీద జరిగింది. తండ్రి విషయంలోనూ ఇల్లు అలాగే తేలిక పడుతుందని నేను కౌన్సెలింగ్ గదిలో చూసిన కుటుంబాలను బట్టి నమ్ముతాను.

తల్లుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మీరెలా ఉన్నారు? అంత ఉత్తరంలో మీ గురించి ఒక్క ముక్క లేదు. భర్తకు మందులు, బాబుకు ఫోన్లు, అత్తగారి మాటలు, పాప చదువు, అన్నీ మీ మీదే. మీకు నిద్ర పడుతోందా? ఆకలి వేస్తోందా? బాబును డాక్టరుకు చూపించే రోజున మీరూ పక్క కుర్చీలో కూర్చుని మీ సంగతి చెప్పండి. మీరు నిలబడితే ఇద్దరు పిల్లలకూ నీడ ఉంటుంది.

మీ చేతిలో ఉన్న ఇంకో పని, ఇంట్లో గొడవలు తగ్గించడం. ఇంగ్లండ్‌లో మైకేల్ రట్టర్ అనే వైద్యుడు ఐల్ ఆఫ్ వైట్ దీవిలోనూ లండన్‌లోనూ పిల్లలను చూసి చెప్పింది మీకు పనికొస్తుంది. ఇంట్లో కష్టం ఒక్కటే ఉంటే, తల్లికి జబ్బో, ఇరుకు ఇల్లో, భార్యాభర్తల మధ్య తీవ్రమైన తగాదాలో, పిల్లల మనసు మీద పెద్ద తేడా పడలేదు. రెండు కలిసేసరికి ముప్పు నాలుగింతలైంది. అంటే అన్నీ తీసేయక్కర్లేదు. ఒక్కటి తీసేసినా లెక్క చాలా మారుతుంది. జబ్బు రాత్రికి రాత్రి పోదు, అప్పులు పోవు. పిల్లల ముందు అరుచుకోవడం మాత్రం రేపటి నుంచి మానొచ్చు. మీ అత్తగారిని ‘శాపం’ అన్న మాట పిల్లల చెవిన పడనీయవద్దని బతిమాలండి. ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి. భర్త అలా పోయాక, ఎందుకు పోయాడో ఎవరూ చెప్పకపోతే, ఆవిడకు దొరికిన జవాబు అదొక్కటే. ఆదివారం కబుర్లలో ఆవిడనూ కూర్చోబెట్టండి.

బాబు హాస్టల్ సంగతి. చదువు మాన్పించి తెచ్చేయాలా అన్నది వాణ్ని చూసి, డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి. నా మనసులో మాట అడిగితే, వాడికి అక్కడ ఊపిరాడటం లేదనిపిస్తే తెచ్చేయండి. ఇంటికి దగ్గర్లో డే స్కాలర్‌గా చేర్చండి. కట్టిన ఫీజు పోతే పోయింది. ఒక ఏడాది ఆలస్యమైతే ఆలస్యం కానివ్వండి. అక్కడే ఉంటానంటే, కాలేజీకి వెళ్లి ఒక మాట నిలదీసి అడగండి: ఇక్కడ కౌన్సెలర్ ఎవరు, మా అబ్బాయి ఆయన్ను ఎప్పుడు కలవొచ్చు? అడగడానికి మొహమాటపడకండి. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలని అందులో ఉంది. ‘మా లెక్చరర్లే చూసుకుంటారు’ అంటే సరిపోదు. బీహార్‌లోని నలంద జిల్లాలో 75 బడుల్లో ఒక ప్రయత్నం జరిగింది. పిల్లలతో మాట్లాడటానికి విడిగా ఒక మనిషిని పెట్టిన బడుల్లో డిప్రెషన్, ఏడిపించడాలు తగ్గాయి. అదే పని టీచర్లకు అప్పగించిన బడుల్లో ఫలితం కనబడలేదు. మార్కులు వేసే మనిషికి మనసు చూపించడం పిల్లలకు కష్టం.

మీ అన్నయ్య మాటకు వస్తాను. ఊరందరికీ చాటమని నేనూ చెప్పను. కానీ ఎవరికీ చెప్పకూడదు అంటే, పాపకు ఆ అంటిపెట్టుకునే పెద్దమనిషి ఎక్కడి నుంచి వస్తారు? ఇద్దరికి చెప్పండి, చాలు. ఒకరు చుట్టాల్లో, మీ చెల్లెలో, పిల్లలంటే ప్రాణం పెట్టే బాబాయో. ఇంకొకరు బడిలో, పాప క్లాస్ టీచరు. మీకు ఒంట్లో బాగాలేని రోజున పాప ఎవరింటికి వెళ్లాలో పాపకు తెలిసి ఉండాలి. పాప పెళ్లి మాటకు ఇంకా పదేళ్లకు పైనే ఉంది. అప్పటి సంబంధం కోసం ఇప్పటి పిల్లను ఒంటరిగా వదిలేయలేం కదా.

చివరికి ఒక రోజు పాపో బాబో, మీరు నన్ను అడిగిందే మిమ్మల్ని అడుగుతారు, ‘అమ్మా, నాకూ వస్తుందా?’ అని. ఆ రోజు కసరకండి. ‘రావచ్చు, రాకపోవచ్చు నాన్నా. వస్తే ఎలా ఉంటుందో మనింట్లో అందరికీ తెలుసు. నీకు అలా అనిపించిన మొదటి రోజే నాకు చెప్పు, ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం’ అనండి.

బాబును చూసొచ్చాక నాకు మళ్లీ రాయండి. ఎదురుచూస్తుంటాను.